మంచు టైర్లు, ఎర్ర సిరప్

నాకొక దురలవాటు ఉంది. ఏ బండి పక్కన నిలబడినా నా బొటనవేలి గోరు దానంతట అదే టైరు మీదికి పోతుంది. రబ్బరులో గోరు కాస్తయినా దిగుతుందా లేదా అని చూస్తాను. దిగితే ఆ బండి నడిపేవాడి మీద నాకు గౌరవం కలుగుతుంది. దిగకపోతే వాడితో మాట్లాడటం కూడా దండగనిపిస్తుంది. పెళ్లికి పోయినా అంతే, ఆసుపత్రికి పోయినా అంతే. ఒమన్‌లో అల్ హైల్ అనే చోట ఒక టైర్ల షాపులో పన్నెండేళ్లుగా పని చేస్తున్నాను. అంతకు ముందు రెండేళ్లు కన్‌స్ట్రక్షన్ సైట్లో ఇటుకలు మోశాను గానీ, ఇటుకల మీద నాకు ఎన్నడూ ఇంత ప్రేమ పుట్టలేదు.

మా షాపు వెనక రెండు వీధుల అవతల ఒక పెద్ద ఇల్లుంది. ఆ ఇంట్లో డ్రైవరు మా బావ. నిజానికి బావేమీ కాదు. జగిత్యాల దగ్గర అతనిదీ నాదీ పక్కపక్క ఊళ్లు. పరదేశంలో అంత మాత్రం చుట్టరికం చాలు, వరస కలిపేసుకున్నాం. ఆ ఇంటివాళ్లకు తెల్లటి పెద్ద ఫోర్ వీల్ బండి ఉంది. నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే బండి. దాని స్టీరింగు పట్టుకున్నాడంటే మా బావ నేల మీద ఉండడు. రెండు చక్రాల మీద గుంజే బండ్లన్నీ అతని దృష్టిలో తోపుడు బండ్లే.

మా ఇద్దరికీ ఏళ్ల తరబడి ఒకటే పంచాయితీ. ఫోర్ వీల్ ఉంటే చాలు, టైర్లు ఏవైతేనేం అని అతను. నేలను పట్టుకునేది టైరు, మిగతా బండంతా దాని మీద కూర్చున్న బరువు అని నేను.

"నాలుగు చక్రాలు గుంజుతుంటే ఇంకేం గావాల్రా? నీ టైర్ల లొల్లి నాకొద్దు" అంటాడు బావ.

"గుంజుడు సరే బావా, మరి ఆపేదెవరు? నువ్వు బ్రేకు తొక్కితే నిన్ను ఆపేది టైరే. నీ ఫోర్ వీల్ గాదు."

"నాకు ఆపుడు అవసరం లేదు, పోవుడే."

ఇలా మొదలైతే టీ చల్లారేదాకా సాగేది. మధ్యలో మమ్మల్ని తిట్టి చెరో పని చెప్పే మనిషి ఒకరే ఉండేవారు. ఆ ఇంట్లోనే వంట చేసే అక్క.

అక్కది కడప దగ్గర ఊరు. ఆ ఒక్క ఇంట్లోనే పద్దెనిమిదేళ్లు వంట చేసింది. ఆమె వచ్చినప్పుడు ఆ ఇంటి పిల్లలు పాలు తాగేవాళ్లట, ఇప్పుడు వాళ్లే కార్లు నడుపుతున్నారు. శుక్రవారం మధ్యాహ్నం స్టీలు టిఫిను డబ్బాలో సంగటి ముద్దలు, ఊరిమిండి పచ్చడి, ఏదో ఒక పులుసు పెట్టుకుని షాపుకు వచ్చేది. మేం తింటుంటే ఎదురుగా టైర్ల దొంతి మీద కూర్చుని, ఉప్పు సరిపోయిందా అని అడిగేది. సరిపోయిందన్నా నమ్మేది కాదు. ఆమె చేతుల మీద కాలిన మచ్చలు లెక్కలేనన్ని. నూనె చిందినవి, ఓవెన్ తలుపు తగిలినవి, పెనం అంచు తాకినవి. ఒక్కో మచ్చకు ఒక్కో వంట పేరు చెప్పేది. ఇది బిర్యానీది, ఇది పెద్ద పాప పుట్టినరోజు కేకుది అని.

ఇక మంచు టైర్ల సంగతి. అవి మా షాపులోకి ఎలా వచ్చాయో చెప్పకపోతే తర్వాతి కథ అర్థం కాదు. చలిదేశంలో ఉద్యోగం చేసి తిరిగొచ్చిన ఒకాయన తన బండిని ఓడ మీద తెప్పించుకున్నాడు. ఆ బండికున్నవి మంచులో నడిచే టైర్లు. ఇక్కడి ఎండకు ఇవి పనికిరావు, మామూలువి వేయండి, వీటిని పారేయండి అన్నాడు. నేను వాటి మీద గోరు పెట్టాను. వెన్నలో దిగినట్టు దిగింది. ఒక్కో రబ్బరు దిమ్మె మీద బ్లేడుతో గీసినట్టు సన్నటి గాట్లు వందలు. పక్కన కొండ గుర్తు, దాని లోపల మంచు పువ్వు. మామూలు టైరు చలికి బిగుసుకుపోయి జారుతుందట. ఇది చలిలోనూ మెత్తగా ఉండి, ఆ గాట్లతో మంచును కరిచి పట్టుకుంటుందట. పారేయడానికి నాకు చేతులు రాలేదు. షెల్ఫు పై వరసలో, ఎండ తగలని మూలలో, నల్లటి కవర్లు చుట్టి దాచాను. రెండేళ్లు అలాగే ఉన్నాయి. వాటిని తుడుస్తూ నేను దొరికిపోయినప్పుడల్లా బావ పొట్ట పట్టుకుని నవ్వేవాడు.

"ఒమన్ల మంచు టైర్లా! రేపు గొడుగు పట్టుకొని సముద్రంల దుంకుతవా ఏంది?"

ఆ జనవరిలో అక్క పూర్తిగా ఇంటికి వెళ్లిపోతోంది. ఆదివారం విమానం. పోయే ముందు నీకేం కావాలో చెప్పు, మేమిద్దరం కలిసి కొనిస్తామని చాలా రోజులుగా అడుగుతున్నాం. బంగారం అంటుందేమోనని లోపల భయపడ్డాం కూడా. ఒక శుక్రవారం నాడు టైర్ల మీద కూర్చుని చెప్పింది.

"మా నాయన ఐసు గోలాలు అమ్మేటోడు. బడి కాడ బండి పెట్టుకుని. నేను చిన్నప్పుడు ఆయన పక్కన నిలబడి ఐసు తురిమేదాన్ని. పొట్టులో చుట్టి, గోనెసంచి కప్పినా ఆ ఐసు దిమ్మె మధ్యాహ్నానికి సగమయ్యేది. అప్పుడు ఆయన ఒక మాట చెప్పేటోడు. 'కొన్ని ఊర్లలో ఐసు ఆకాశం నుంచే పడతాది పాపా. ఊరికే దోసిట్లో పట్టుకోని సిరప్పు పోసుకుంటే చాలు' అని. నేను నమ్మలే. అబద్ధాలకోరు నాయన అని బడి పిల్లోళ్ల ముందరే ఎగతాళి చేసినా. ఆయన ఏమీ అనలేదు, నవ్వినాడు. ఇప్పుడాయన లేడు. నాకి బంగారం వద్దు అబ్బీ. పైనుంచి పడిన ఐసుతో ఒక్క గోలా చేసుకోవాలని ఉండాది."

మేమిద్దరం ముఖముఖాలు చూసుకున్నాం. ఇరవై నాలుగు గంటలూ ఏసీ వేసుకుని బతికే దేశంలో ఆకాశం నుంచి ఐసు ఎక్కడ తేవాలి. బంగారమే సులువు అనిపించింది.

దేవుడు కొన్నిసార్లు వింటాడు, అదీ సరిగ్గా గురువారం నాడు వింటాడు. బుధవారం నుంచి మబ్బు పట్టి కొండల్లో వానలు. గురువారం మధ్యాహ్నానికి అందరి ఫోన్లలో ఒకటే వీడియో. జెబెల్ షమ్స్ మీద తెల్లగా పరుచుకుంది. అరబ్బీలో ఆ పేరుకు సూర్యుడి కొండ అని అర్థం. ఆ కొండ మీద పడింది మంచు. వడగళ్లా, అసలు మంచా అని మా షాపులో పెద్ద వాదన జరిగింది. నేను ఆ వాదనలో కలవలేదు. ఫోను పట్టుకుని అక్క ఉండే ఇంటికి పరుగెత్తాను.

అక్క వీడియో చూసింది. పైటకొంగుతో ఫోను తెర తుడిచి మళ్లీ చూసింది.

ఇంటి యజమానురాలిని అక్క 'మామా' అని పిలుస్తుంది, అరబ్బు ఇళ్లలో అమ్మగారు అన్నట్టు. ఆమె మంచి మనిషి. సంగతి విని, రేపంతా నీకు సెలవు, బండి తీసుకుపొమ్మని అక్కతో చెప్పింది. జాగ్రత్త అని బావతో మూడుసార్లు చెప్పింది. శనివారం అక్కకు సామాను సర్దుకోవడం, ఆదివారం ప్రయాణం. ఉన్నది శుక్రవారం ఒక్కటే. అదీ ఎండ ఎక్కేలోపే పోవాలి, ఈ దేశంలో అలాంటి తెలుపు మధ్యాహ్నం దాకా ఆగదు.

అక్కడ మొదలైంది మా అసలు పంచాయితీ. నేను అలవాటు ప్రకారం బావ బండి టైర్ల మీద గోరు పెట్టాను. రాయిలా ఉన్నాయి. నాలుగేళ్ల కిందటివి, ఎండకు ఎండి గట్టిపడ్డాయి. నా షెల్ఫు మీద ఉన్నవి సరిగ్గా ఆ సైజే.

"బావా, ఆ నాలుగూ ఇప్పి నా మంచు టైర్లు వేస్త. గంట పని."

"ఏం అక్కర్లే. ఇది ఫోర్ వీల్. నీ చెత్త టైర్లు నా బండికి వేసి నా ఇజ్జత్ తీయకు."

"ఎక్కుతవ్ బావా, దిగేటప్పుడు ఎట్ల ఆగుతవ్?"

"దిగేటప్పటి సంగతి దిగేటప్పుడు!"

"అట్లయితే నేను రాను."

"రాకు! ఎవడు రమ్మన్నడు?"

వంటింటి గుమ్మంలో నిలబడి వింటున్న అక్క చేతిలో గరిటె ఉంది. అదే గరిటెను మా ఇద్దరికీ మార్చి మార్చి చూపించింది.

"మీ కొట్లాట తెగే లోపల నా విమానం ఎగిరిపోతాది. ఆ బండికే ఈ టైర్లు తగిలించండి. రెండూ ఉంటే మీకేమన్నా నొప్పా?"

ఇన్నేళ్లలో మా ఇద్దరికీ తట్టని మాట అది. నిజంగా తట్టలేదు. ఫోర్ వీలా టైర్లా అని గొంతులు చించుకున్నాం గానీ, ఒకే బండికి రెండూ ఉండొచ్చని ఒక్కనాడూ అనుకోలేదు. నాకు సిగ్గేసింది. బావకు కూడా వేసి ఉంటుంది, అతను మాత్రం ఒప్పుకోడు. సాయంత్రం టైర్లు మార్చాను. నల్ల కవర్లు విప్పుతుంటే పెళ్లికూతురి ముసుగు తీస్తున్నంత సంబరపడ్డాను.

శుక్రవారం తెల్లవారుజామున బయల్దేరాం. అక్క ముందు సీట్లో కూర్చుంది. ఒళ్లో ఆ టిఫిను డబ్బా, ఒక చెంచా, మామా వంటింటి నుంచి తెచ్చిన ఎర్ర గులాబీ సిరప్ సీసా. మామా ఇచ్చిన స్వెటరు ఒకటి తొడుక్కుంది, మోకాళ్ల దాకా వచ్చింది. పద్దెనిమిదేళ్లలో దగ్గర్లోని సీబ్ మార్కెట్టు, విమానాశ్రయం తప్ప ఆమె ఈ దేశంలో ఏమీ చూడలేదు. నిజ్వా ఊరు దాటాక కొండలు దగ్గరయ్యేకొద్దీ కిటికీకి ముఖం ఆనించి, "అబ్బ, ఏం కొండలు! గొడ్లు ఎట్ల మేస్తాయబ్బా వీటి మింద?" అని ఒకటే ప్రశ్నలు. మేకలు మేస్తాయక్కా అంటే సంతృప్తి పడింది.

కొండ కింద పోలీసు నిలబడి బండ్లు చూస్తున్నాడు. ఆ రోజు ఫోర్ వీల్ అయితేనే పైకి. చిన్న కార్లన్నిటినీ వెనక్కి పంపిస్తున్నాడు. మా దగ్గరికి వచ్చి "ఫోర్ వీల్?" అన్నాడు. బావ డ్యాష్‌బోర్డు మీద అరచేత్తో చరిచి "ఫోర్ వీల్!" అన్నాడు, సొంతంగా కనిపెట్టినట్టు. పోలీసు చేయి ఊపాడు. బావ అద్దంలోంచి నావైపు చూసిన చూపు నేను ఇప్పటికీ మరిచిపోలేదు. నిజం చెప్పాలంటే ఆ చూపులో తప్పేమీ లేదు. ఫోర్ వీల్ లేకపోతే మేం ఆ పోలీసు దాకా వచ్చి వెనుదిరిగేవాళ్లం. ఈ మాట ఇక్కడ రాస్తున్నాను గానీ అతనికి చెప్పలేదు.

పైకి పోయేకొద్దీ తారు రోడ్డు తడి, తర్వాత మట్టి రోడ్డు బురద, ఆ తర్వాత అంచుల్లో తెల్లటి మరకలు. ఒక మలుపు తిరిగేసరికి రోడ్డు మొత్తం తెలుపు. అక్క చప్పట్లు కొట్టింది. బావ బండి ఆపాడు.

ఇప్పుడు నేను చేసిన పని చెప్పాలి. చెప్పకుండా దాటేయాలని చాలాసార్లు అనుకున్నాను, కానీ బావ బతికుండగా అది కుదిరే పని కాదు.

గల్ఫులో బండి నడిపే ప్రతివాడికీ ఒక సూత్రం ఒంటికి పట్టేసి ఉంటుంది. ముందు మెత్తటి నేల కనిపిస్తే టైర్లలో గాలి తీసేయాలి. ఇసుకలోకి దిగేముందు సగం గాలి వదిలేస్తే టైరు అణిగి వెడల్పవుతుంది, ఇసుక మీద తేలుతుంది. నింపి ఉంచితే దిగబడుతుంది. ఈ పని నేను ఎన్ని వందల బండ్లకు చేశానో. ఎదురుగా మెత్తగా, దళసరిగా, తెల్లగా పరుచుకున్నది కనబడగానే నా చేతులు ఆలోచించలేదు. జేబులోంచి గాలి కొలిచే పెన్ను తీశాను.

"బావా, గాలి దీద్దామా?"

"దీయి మరి, చూస్తవేంది?" అన్నాడు బావ.

ఇన్నేళ్లలో మేమిద్దరం ఒక మాట మీద నిలబడింది అదే మొదటిసారి. నాలుగు టైర్లలోనూ సగం గాలి బుస్సుమని వదిలేశాను. బండి కదిలింది. ఇరవై గజాలు పోయామో లేదో, ముందు ఎడమ చక్రం కింద టక్కుమంది. ఆ తెలుపు లోతు నాలుగు వేళ్లే, దాని కింద ఉన్నవన్నీ కొండ రాళ్లు. గాలి లేని మెత్తటి టైరు రాయికీ ఇనుప రిమ్ముకూ మధ్య నలిగి పక్కన నిలువునా కోసుకుపోయింది. నేను రెండేళ్లు తుడిచి తుడిచి దాచిన మంచు టైరు, మంచు మీదికి ఎక్కిన ఒక్క నిమిషంలో చచ్చింది.

ఎదురుగా ఒక పాత పికప్ దిగి వస్తోంది. వెనక గడ్డి మోపులు, లోపల తలకు శాలువా చుట్టుకున్న కొండ ముసలాయన. ఆగి దిగాడు. మా టైర్లు నాలుగూ చూశాడు, నా చేతిలో పెన్ను చూశాడు.

"హవా కోన్ నికాలా?" అన్నాడు. గాలి ఎవడు తీశాడు అని, వచ్చీరాని హిందీలో.

నేను చేయెత్తాను.

ముసలాయన కిందికి వంగి పిడికెడు మంచు తీసి నా అరచేతిలో పెట్టాడు. "ఏ రమల్ హై?" ఇది ఇసుకా అని అడిగాడు. ఆపైన ఆగలేక నవ్వడం మొదలుపెట్టాడు, శాలువా జారిపోయేదాకా నవ్వాడు. పోతూ పోతూ నేనేం పని చేస్తానని అడిగాడు. నేను దగ్గాను. బావ మాత్రం ఎంతో ఆనందంగా, అక్షరం అక్షరం విడమరిచి చెప్పాడు. "టైర్ కీ దుకాన్ మే కామ్ కర్తా హై." టైర్ల షాపులో పని చేస్తాడని. ముసలాయన మళ్లీ బండి ఆపుకుని నవ్వి పోయాడు.

స్పేరు టైరు మామూలుదే. జాకీ పెడితే కింద నేల జారుతోంది, రాళ్లు ఏరి కింద సర్దాం. చక్రం మార్చాక మిగతా మూడింటికీ చిన్న పంపుతో గాలి నింపాలి. సిగరెట్ లైటరుకు తగిలించే ఆ పంపు ఎంత గొంతు పెట్టుకుని అరుస్తుందో, అంత నెమ్మదిగా పని చేస్తుంది. సూర్యుడు పక్క శిఖరం మీదికి ఎక్కాడు. రోడ్డు పక్కన సన్నటి నీళ్ల గీత ఒకటి బయల్దేరింది, తర్వాత రెండోది. ఎదుటి వాలులో ఇందాకటి తెలుపు మధ్యలో గోధుమరంగు రాళ్లు తలలెత్తాయి.

"ఎంతసేపు అబ్బీ?" అంది అక్క కిటికీలోంచి.

"పది నిమిషాలక్కా" అన్నాం ఇద్దరం.

"మీ రోడ్డు మింద ఉండేది బురదయిపోతాంది. తొక్కింది నేనెట్ల తింటా?"

"పైన మస్తుంటదక్కా, పది నిమిషాలు."

తర్వాత మేం మళ్లీ మా గొడవలో పడ్డాం. గాలి తీయమన్నది నువ్వంటే నువ్వని. నువ్వు టైర్ల పండితునివి గదా అని అతను, నువ్వెందుకు వద్దనలే అని నేను. చివరి టైరు పంపు తీసి లేచి చూసేసరికి ముందు సీటు ఖాళీ. తలుపు తెరిచే ఉంది. డబ్బా లేదు, సీసా లేదు.

అది లోయ అంచుల మీద నడవాల్సిన కొండ. అక్క కాళ్లకు ఉన్నవి రబ్బరు చెప్పులు, వాటి అడుగు నేను ఎన్నడూ గోరు పెట్టి చూడలేదు. రెండు రోజుల్లో విమానం ఎక్కాల్సిన మనిషి. పద్దెనిమిదేళ్లు ఒక్క వేలు విరగకుండా ఉన్న మనిషిని చివరి శుక్రవారం మేమిద్దరం కలిసి కొండ మీద పోగొడతామా అనిపించింది. "అక్కా" అని అరుస్తూ ఇద్దరం పైకి పరుగెత్తాం. నేను రెండుసార్లు పడ్డాను, అతను ఒకసారి.

మలుపు అవతల, ఎండ ఇంకా చేరని ఒక పెద్ద బండ వెనక, పొట్టి చెట్టు కింద అక్క కూర్చుని ఉంది. అక్కడ తెలుపు చెదరలేదు. ఎవరి అడుగూ పడలేదు, ఆమె చెప్పుల గుర్తులు తప్ప. రెండు చేతులూ మణికట్టు దాకా మంచులో దూర్చి కళ్లు మూసుకుని ఉంది.

"అక్కా, చేతులు గడ్డ కడ్తయే" అన్నాడు బావ ఒగరుస్తూ.

"కట్టనీ" అంది. "ఈ చేతులు ఎన్నేండ్లుగా పొయ్యి కాడనే ఉండాయో. కాసేపు ఉండనీ."

చాలాసేపటికి చేతులు తీసింది. ఎర్రగా ఉన్నాయి, కాలిన మచ్చలు ఆ ఎరుపులో కలిసిపోయి కనిపించడం లేదు. చిన్నప్పటి పని చేతులు మరచిపోలేదు. రెండు దోసిళ్లు ఎత్తింది, పైపొర చెంచాతో గీకి తీసేసింది, లోపలి తెల్లటిదాన్ని ఉండగా నొక్కింది, మరీ గట్టిగా కాదు, మరీ వదులుగా కాదు. సిరప్ సీసా మూత నోటితో తిప్పి పైనుంచి పోసింది. తెలుపులోకి ఎరుపు సన్నసన్నగా దిగింది. కొరికింది.

నములుతూనే ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది.

"మా నాయన చెప్పింది నిజమే" అంది. "నిజమేనబ్బా. నిజమే."

అక్క ఆ మాటను నలభై ఏళ్లకు పైగా మోసుకుని తిరిగిందని అప్పుడు అర్థమైంది. నేను మొహం తిప్పుకుని చెట్టు వైపు చూశాను. బావ ముక్కు చీదాడు, చలి అన్నాడు.

తర్వాత జరిగింది జాతరే. అక్క మాకు చెరో గోలా చేసి ఇచ్చింది. అటుగా వచ్చిన ఒక ఒమానీ కుటుంబం ఆగి చూసింది, వాళ్ల పిల్లలకు చేసి ఇచ్చింది. ఆ పిల్లల తాతకు ఇచ్చింది. గడ్డి దింపి తిరిగి పైకి వస్తున్న పికప్ ముసలాయన నన్ను గుర్తుపట్టి ఆగాడు, ఆయనకూ ఇచ్చింది. సీసా అయిపోయేదాకా తురిమే పని లేకుండా గోలాలు చేసింది. వరసలో నిలబడమని పిల్లల్ని తెలుగులో గదమాయిస్తుంటే వాళ్లు నిజంగానే వరసలో నిలబడ్డారు. ఆమె గొంతులో ఆ రోజు ఉన్న హుషారు నేను అంతకు ముందు ఎన్నడూ వినలేదు. బడి ముందు బండి పెట్టిన మనిషి బిడ్డ అని అప్పుడు తెలిసింది.

దిగేటప్పుడు బావ మొదటి గేరులో వేసి మెల్లగా వదిలాడు. మూడు మంచు టైర్లు, ఒకటి మామూలుది. మాకు ముందు పోతున్న పెద్ద బండి, మెరిసిపోయే కొత్త ఫోర్ వీల్, వంపులో బ్రేకు వేసింది. నాలుగు చక్రాలూ ఆగాయి గానీ బండి ఆగలేదు. తీరిగ్గా జారుకుంటూ పోయి కొండవైపు మట్టి గట్టుకు ఆనుకుంది. ఎవరికీ ఏమీ కాలేదు. లోపలివాళ్లు దిగి నవ్వుకుంటున్నారు. మా బావ అదే వంపులో బ్రేకు మీద కాలు పెట్టాడు. ముందు మామూలు టైరు ఉన్న వైపు ఒక్కసారి పక్కకు జారింది. మిగతా మూడూ కరిచి పట్టుకున్నాయి. బండి నిలబడింది.

బావ కాసేపు స్టీరింగు వైపే చూశాడు.

"పట్టిందిరా" అన్నాడు.

నేను అనాల్సింది చాలా ఉంది, ఏళ్లనాటిది. కానీ ఒళ్లో కోసుకుపోయిన టైరు పెట్టుకుని కూర్చున్నవాడికి గొప్పలు చెప్పే హక్కు ఉండదు. వెనక సీట్లో దానికి వేరే చోటు లేక అలాగే పట్టుకుని కూర్చున్నాను. అక్క టిఫిను డబ్బా నిండా మంచు నొక్కి మూత పెట్టుకుంది, మామాకు చూపించాలట. అల్ హైల్ చేరేసరికి అది నీళ్లయింది. మామా ఆ నీళ్లలో వేలు ముంచి కళ్లకు అద్దుకుంది. మిగిలినవి అక్క వంటింటి వెనక నెయ్యి డబ్బాలో పెంచుకున్న కరివేపాకు మొక్కకు పోసింది. ఆ మొక్కను నాకు అప్పగించి ఆదివారం వెళ్లిపోయింది. విమానాశ్రయంలో మేమిద్దరం చిన్నపిల్లల్లా ఏడ్చామని రాస్తే బావ ఒప్పుకోడు. అందుకని నేనొక్కడినే ఏడ్చానని రాస్తున్నాను.

కోసుకుపోయిన మంచు టైరును పారేయలేదు. అడ్డంగా పెట్టి, మధ్యలో మట్టి నింపి, కరివేపాకును అందులోకి మార్చాను. షాపు ముందు నీడ పట్టున ఉంది. ఇదేం టైరని అడిగినవాళ్లకు మంచు టైరని చెబుతాను. నవ్వి పోతారు.

మొన్న ఎండాకాలంలో అక్క ఫోన్ చేసింది. వీడియో కాల్. వెనక నుంచి పిల్లల అల్లరి. నేనూ బావా షాపులో టీ తాగుతున్నాం.

"అబ్బీ, నువ్వైనా చెప్పు. ఒమన్లో ఆకాశం నుంచి ఐసు పడిందని, నేను గోలా చేసుకోని తిన్నానని చెప్తే మా మనవరాలు నమ్మడంలే. ఫోటో చూపిచ్చినా. ఫోన్లో ఏమైనా తయారు చేస్తారంట ఇప్పుడు. అబద్ధాలకోరు అవ్వ అని వీధి పిల్లోళ్ల ముందర ఎగతాళి చేస్తాంది."

ఫిర్యాదు చేసే గొంతు కాదు అది. అక్క మొహం వెలిగిపోతోంది. ఆ మాట మరోసారి అనిపించుకోవాలని ఉన్నట్టుంది. ఏడెనిమిదేళ్ల పాప తెర మీదికి వచ్చి నన్ను అనుమానంగా చూసింది.

"నిజంగా పడిందా?"

"నిజమే బిడ్డా, నా ఒట్టు."

"అంత పెద్ద కొండ ఎట్ల ఎక్కినారు?"

"ఫోర్ వీల్ బండి మీద" అన్నాడు బావ, నా భుజం మీదుగా తల దూర్చి.

"మంచు టైర్ల మీద" అన్నాను నేను.

"వాళ్ల మాటలు వినొద్దు పాపా" అని వెనక నుంచి అక్క గొంతు. "వాళ్లిద్దరూ రోడ్డు మింద కొట్లాడుకుంటాండారు. నేను నడిచి పోయినా."

పాప అవ్వ వైపు తిరిగి చూసింది. అక్క ఏమీ అనలేదు, నవ్వింది.